అత్యధిక సంయుక్త సంఖ్యలు

తనకంటే చిన్నవైన ధన పూర్ణసంఖ్యల్లో దేనికీ లేనన్ని భాజకాలు గల ధన పూర్ణసంఖ్యను సంఖ్యా సిద్ధాంతంలో అత్యధిక సంయుక్త సంఖ్య అంటారు. శ్రీనివాస రామానుజన్ (1887–1920) 1915లో ప్రచురించిన సుదీర్ఘ పరిశోధన పత్రంలో ఈ సంఖ్యలను నిర్వచించి, వాటి నిర్మాణ నియమాలను నిరూపించి, చేతి లెక్కతో తయారుచేసిన పట్టికను జతచేశారు. ఒక సంయుక్త సంఖ్యకు ఎన్ని భాజకాలుంటాయన్నది అది ఎంత పెద్దదన్న దానికంటే, దానిలోని ప్రధాన కారణాంకాలు ఏవి, ఒక్కొక్కటి ఎన్నిసార్లు వచ్చింది అన్న వాటిమీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ అమరిక అత్యుత్తమ స్థితిలో ఎలా ఉంటుందో ఈ సంఖ్యలు చూపుతాయి. రామానుజన్ పట్టికలో చివరిదైన 67,46,32,83,88,800 అనే 13 అంకెల సంఖ్యను ఈ వ్యాసంలో ప్రధాన ఉదాహరణగా తీసుకోవడమైనది.

నిర్వచనం, పరిభాష

ఒక పూర్ణసంఖ్యను శేషం లేకుండా భాగించే ధన పూర్ణసంఖ్య దానికి భాజకం అవుతుంది. 1, తాను తప్ప వేరే భాజకాలు లేని, 1 కంటే పెద్దదైన సంఖ్య ప్రధాన సంఖ్య, అటువంటి వేరే భాజకాలు ఉన్నది సంయుక్త సంఖ్య (చూ. ప్రధాన సంఖ్యలు). 'న' అనే సంఖ్యకు గల మొత్తం భాజకాల సంఖ్యను ఇక్కడ భా(న) అని సూచిస్తే, 12కు 1, 2, 3, 4, 6, 12 అనే ఆరు భాజకాలున్నందున భా(12) = 6 అవుతుంది. 'న' కంటే చిన్నదైన ప్రతి సంఖ్య 'మ' విషయంలోనూ భా(మ) విలువ భా(న) విలువకంటే తక్కువైతే 'న' అత్యధిక సంయుక్త సంఖ్య.

ఈ శ్రేణి 1, 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120, 180, 240, 360, 720, 840, 1260, 1680, 2520, 5040, 7560, 10080 అంటూ సాగుతుంది. వీటి భాజకాల సంఖ్యలు వరుసగా 1, 2, 3, 4, 6, 8, 9, 10, 12, 16, 18, 20, 24, 30, 32, 36, 40, 48, 60, 64, 72. నిర్వచనం ప్రకారం 1, 2 కూడా శ్రేణిలో చేరినా అవి సంయుక్త సంఖ్యలు కావు. 4 మొదలుకొని ఉన్నవన్నీ సంయుక్త సంఖ్యలే. ఏ సంఖ్యను తీసుకున్నా దాన్ని 2తో గుణిస్తే భాజకాలు పెరుగుతాయి కాబట్టి ఈ శ్రేణికి అంతం లేదు; పైగా ఒక అత్యధిక సంయుక్త సంఖ్యకూ దాని రెట్టింపుకూ మధ్య, ఆ రెట్టింపుతో కలుపుకొని, మరొకటి తప్పక వస్తుంది.

భాజకాల సంఖ్యను కనుగొనే పద్ధతి

ప్రతి సంయుక్త సంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక విధంగా రాయవచ్చునని అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం చెబుతుంది. ఉదాహరణకు 360 = 2³ × 3² × 5. దీని ఏ భాజకంలోనైనా 2 యొక్క ఘాతాంకం 0 నుంచి 3 వరకు నాలుగు విధాలుగా, 3 యొక్క ఘాతాంకం మూడు విధాలుగా, 5 యొక్క ఘాతాంకం రెండు విధాలుగా ఉండవచ్చు కాబట్టి మొత్తం భాజకాలు 4 × 3 × 2 = 24. అంటే ప్రతి ఘాతాంకానికీ ఒకటి కలిపి, వచ్చిన సంఖ్యలన్నింటినీ గుణిస్తే భాజకాల సంఖ్య వస్తుంది.

ఈ సూత్రంలో ప్రధాన సంఖ్యల విలువలకు చోటు లేదు, వాటి ఘాతాంకాలకే చోటుంది. 2³ × 3² × 5కు 24 భాజకాలున్నట్లే 101³ × 103² × 107కు కూడా 24 భాజకాలే ఉంటాయి, కాని రెండో సంఖ్య మొదటిదానికంటే ఎన్నో రెట్లు పెద్దది. తక్కువ పరిమాణంలో ఎక్కువ భాజకాలు సమకూర్చాలంటే చిన్న ప్రధాన సంఖ్యలను ఎన్నుకోవాలి. అయితే ఒకే ప్రధాన సంఖ్యను మళ్ళీ మళ్ళీ గుణించినకొద్దీ లాభం తగ్గుతుంది: 2 యొక్క ఘాతాంకం 1 నుంచి 2కు పెరిగితే భాజకాలు ఒకటిన్నర రెట్లవుతాయి, 6 నుంచి 7కు పెరిగితే 8/7 రెట్లు మాత్రమే అవుతాయి. కొత్త ప్రధాన సంఖ్య చేరితే భాజకాలు సరిగ్గా రెట్టింపవుతాయి, కాని సంఖ్య పరిమాణం కూడా ఆ ప్రధాన సంఖ్య మేరకు పెరుగుతుంది. పాత కారణాంకాన్ని ఇంకోసారి వాడడమా, కొత్తదాన్ని చేర్చడమా అన్న ఈ సమతుల్యమే అత్యధిక సంయుక్త సంఖ్యల సిద్ధాంతానికి మూలం.

చరిత్ర

ప్రాచీన కాలం. సులువుగా భాగాలుగా విడదీయగల సంఖ్యలపై ఆసక్తి చాలా పాతది. బాబిలోనియా గణితంలో 60 సంఖ్యామానానికి ఆధారం; వృత్తాన్ని 360 భాగాలు చేయడం, గంటను 60 నిమిషాలు చేయడం ఆ సంప్రదాయంతో ముడిపడినవే. భారతీయ కాలమానంలో అహోరాత్రానికి 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు. ప్రభవ మొదలు అక్షయ వరకు గల తెలుగు సంవత్సరాల ఆవృత్తి కూడా 60. గ్రీకు తత్వవేత్త ప్లేటో 'లాస్' అనే గ్రంథంలో ఆదర్శ నగరానికి 5040 కుటుంబాలు ఉండాలని సూచించి, ఆ సంఖ్యకు తాను కాక 59 భాజకాలు ఉన్నాయని, 1 నుంచి 10 వరకు గల సంఖ్యలన్నీ దాన్ని భాగిస్తాయని కారణం చూపాడు. భూమి పంపకానికైనా, సైన్యాన్ని దళాలుగా విడదీయడానికైనా అది అనువుగా ఉంటుందన్నది ఆయన వాదం. 11 దాన్ని భాగించకపోయినా, రెండు కుటుంబాలను తీసివేస్తే వచ్చే 5038ని భాగిస్తుందన్న సంగతిని కూడా ఆయన గుర్తించాడు. 12, 24, 60, 360, 5040 అన్నీ అత్యధిక సంయుక్త సంఖ్యలే అయినా, ప్రాచీనులు వాటిని ఒక వర్గంగా నిర్వచించలేదు.

రామానుజన్ కృషి. 1914లో ఇంగ్లండ్ చేరిన రామానుజన్, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో జి. హెచ్. హార్డీతో కలిసి పనిచేస్తున్న కాలంలో ఈ సంఖ్యలపై పరిశోధనను లండన్ మాథమాటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్ రెండో వరుస 14వ సంపుటంలో 347 నుంచి 409 పుటల వరకు ప్రచురించారు. ప్రధానంగా ఈ కృషి ఆధారంగానే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1916 మార్చిలో ఆయనకు పరిశోధన ద్వారా బి.ఎ. పట్టా ఇచ్చింది. పత్రంలోని పట్టికలో 67,46,32,83,88,800 వరకు 102 సంఖ్యలున్నాయి. యంత్రసహాయం లేకుండా తయారైన ఆ పట్టికలో 2,93,31,86,25,600 అనే ఒక్క సంఖ్య మాత్రమే జారిపోయింది; 5040 భాజకాలు గల ఆ సంఖ్యను 23తో గుణిస్తే పట్టికలోని చివరి సంఖ్య వస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సొసైటీకి ఏర్పడిన ఆర్థిక ఇబ్బందుల వల్ల పత్రం పూర్తిగా అచ్చుకాలేదు. మిగిలిన భాగాన్ని ఫ్రెంచి గణితవేత్తలు జాన్-లూయీ నికోలా, గీ రోబాఁ వ్యాఖ్యానంతో 1997లో 'ది రామానుజన్ జర్నల్' మొదటి సంపుటంలో ప్రచురించారు.

తరువాతి పరిశోధన. 1944లో పాల్ ఎర్డిష్ ఒంటరిగా ఒక పత్రాన్ని, లియోనిదాస్ అలోగ్లుతో కలిసి మరొక పత్రాన్ని ప్రచురించి, ఈ సంఖ్యల సాంద్రతపైన, వీటికి దగ్గరి సంబంధం గల ఇతర వర్గాలపైన ఫలితాలు సాధించారు. 1971లో నికోలా ఈ సంఖ్యల విస్తరణకు ఎగువ హద్దును నిర్ణయించారు. 1984లో రోబాఁ, భాజకాల మొత్తానికీ, ప్రధాన సంఖ్యల విస్తరణతో ముడిపడిన రీమాన్ పరికల్పనకూ గల సంబంధాన్ని స్పష్టమైన అసమానత రూపంలో నిరూపించారు.

నిర్మాణ లక్షణాలు

వరుస ప్రధాన సంఖ్యలు. ఒక అత్యధిక సంయుక్త సంఖ్యలో అతిపెద్ద ప్రధాన కారణాంకం 23 అయితే, దానికి ముందున్న 2, 3, 5, 7, 11, 13, 17, 19 అన్నీ అందులో కారణాంకాలుగా ఉండి తీరాలి. మధ్యలో ఏదైనా తప్పిపోతే, 23 స్థానంలో ఆ చిన్న ప్రధాన సంఖ్యను ఉంచగా వచ్చే సంఖ్య చిన్నదవుతుంది, భాజకాలు మాత్రం అన్నే ఉంటాయి. ఇది నిర్వచనానికి విరుద్ధం.

పెరగని ఘాతాంకాలు. ప్రధాన సంఖ్య పెద్దదైనకొద్దీ దాని ఘాతాంకం తగ్గవచ్చు లేదా సమానంగా ఉండవచ్చు, పెరగకూడదు. 67,46,32,83,88,800లో 2 యొక్క ఘాతాంకం 6, 3 యొక్క ఘాతాంకం 4. వీటిని తారుమారు చేసి 2⁴ × 3⁶ అని రాస్తే భాజకాల సంఖ్య మారదు గాని సంఖ్య 9/4 రెట్లు పెద్దదవుతుంది. అందువల్ల తారుమారైన రూపం ఎన్నటికీ అత్యధిక సంయుక్త సంఖ్య కాజాలదు.

చివరి ఘాతాంకం. అతిపెద్ద ప్రధాన కారణాంకం యొక్క ఘాతాంకం ఎప్పుడూ 1 అని, 4, 36 మాత్రమే ఇందుకు మినహాయింపులని రామానుజన్ నిరూపించారు. ఉదాహరణ సంఖ్యను మరోసారి 23తో గుణిస్తే ఘాతాంకం 2 అయి భాజకాలు 15120 అవుతాయి. అంతకంటే తక్కువ పరిమాణంలో, 16తో గుణించినా 2 యొక్క ఘాతాంకం 10కి చేరి 15840 భాజకాలు వస్తాయి.

పై మొదటి రెండు నియమాల వల్ల ప్రతి అత్యధిక సంయుక్త సంఖ్యనూ తొలి ప్రధాన సంఖ్యల వరుస లబ్ధాలైన 2, 6, 30, 210, 2310 వంటి సంఖ్యల గుణకార రూపంలో రాయవచ్చు. అయితే నియమాలు అవసరమైనవే గాని సరిపోయేవి కావు. 8 క్రమగుణితమైన 40320 = 2⁷ × 3² × 5 × 7 నియమాలన్నింటినీ పాటిస్తుంది, 96 భాజకాలు కలిగి ఉంటుంది; కాని అంతకంటే చిన్నదైన 27720కే 96 భాజకాలున్నందున 40320 శ్రేణిలో చేరదు. 7 క్రమగుణితమైన 5040, అంతకుముందున్న క్రమగుణితాలు మాత్రం శ్రేణిలో ఉన్నాయి (చూ. క్రమగుణితం).

ఉదాహరణ: 67,46,32,83,88,800

మాటల్లో ఆరు లక్షల డెబ్బై నాలుగు వేల ఆరువందల ముప్పై రెండు కోట్ల ఎనభై మూడు లక్షల ఎనభై ఎనిమిది వేల ఎనిమిది వందలైన ఈ సంఖ్య ప్రధాన కారణాంక రూపం ఇది:

2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19 × 23

ఘాతాంకాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 7 × 5 × 3 × 3 × 2 × 2 × 2 × 2 × 2 = 10080. భాజకాల సంఖ్య అయిన ఈ 10080 స్వయంగా 72 భాజకాలు గల అత్యధిక సంయుక్త సంఖ్య కావడం విశేషం. శ్రేణిలో దీనికి ముందున్నది 9216 భాజకాలు గల 44,97,55,22,59,200. తరువాతిది 10368 భాజకాలు గల 89,95,10,45,18,400.

ఇది పూర్ణవర్గం కాదు. వర్గమూలం 25,97,369కి, 25,97,370కి మధ్య ఉంటుంది. కాబట్టి భాజకాలు సరిగ్గా 5040 జతలుగా ఏర్పడతాయి, ప్రతి జతలోనూ ఒకటి వర్గమూలం కంటే చిన్నది, మరొకటి పెద్దది. దీన్ని భాగించే అతిపెద్ద వర్గం 63,50,400, అంటే 2520 యొక్క వర్గం. 1 నుంచి 10 వరకు గల సంఖ్యల కనిష్ఠ సామాన్య గుణిజమే 2520. మిగిలిన భాగం 11 × 13 × 17 × 19 × 23 = 10,62,347. మొత్తం భాజకాల్లో 1440 బేసి సంఖ్యలు, 8640 సరి సంఖ్యలు, 48 పూర్ణవర్గాలు.

1 నుంచి 28 వరకు గల ప్రతి సంఖ్యా దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. భాగించని వాటిలో మొదటిది 29. ఆ 28 సంఖ్యల కనిష్ఠ సామాన్య గుణిజం 80,31,34,33,200 కాగా, ఉదాహరణ సంఖ్య దానికి 84 రెట్లు. తొలి ప్రధాన సంఖ్యల వరుస లబ్ధాలతో రాస్తే ఇది 2² × 6² × 210 × 22,30,92,870 అవుతుంది.

భాజకాలన్నింటి మొత్తం 3,94,13,83,23,53,280, అంటే సంఖ్యకు సుమారు 5.84 రెట్లు. తన భాజకాల మొత్తం తనకు సరిగ్గా రెట్టింపైన సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అని, రెట్టింపును మించితే సమృద్ధ సంఖ్య అని అంటారు, ఆ కొలత ప్రకారం ఇది చాలా సమృద్ధమైన సంఖ్య (చూ. పరిపూర్ణ సంఖ్యలు). దీనితో 1 తప్ప ఉమ్మడి భాజకం లేని, దీనికంటే చిన్నవైన సంఖ్యలు 11,03,61,96,86,400. మొత్తంలో ఇది 16.4 శాతం లోపే. అంటే దీనికి లోబడిన ప్రతి ఆరు సంఖ్యల్లో సుమారు అయిదింటికి దీనితో ఏదో ఒక ఉమ్మడి కారణాంకం ఉంటుంది.

గుండ్రని సంఖ్యలతో పోలిక

సున్నాలు ఎక్కువగా ఉన్న సంఖ్యలకు భాజకాలు ఎక్కువన్న అభిప్రాయం అన్నివేళలా సరైనది కాదు. భారతీయ జ్యోతిష గ్రంథాల్లో మహాయుగ పరిమాణంగా చెప్పే 43,20,000 సంవత్సరాల సంఖ్య దీనికి చక్కని ఉదాహరణ. 43,20,000 = 4320 × 1000 = 2⁸ × 3³ × 5⁴ కాబట్టి దీని భాజకాలు 9 × 4 × 5 = 180. దీనికి 4320 మాత్రమే కలిపితే వచ్చే 43,24,320 = 4320 × 1001 = 2⁵ × 3³ × 5 × 7 × 11 × 13 కాగా, దీని భాజకాలు 6 × 4 × 2 × 2 × 2 × 2 = 384. మొదటి సంఖ్యను 1000 రెట్టించడంలో 2, 5 అనే పాత కారణాంకాలే మళ్ళీ చేరాయి. రెండోదాన్ని 1001 రెట్టించడంలో 7, 11, 13 అనే మూడు కొత్త కారణాంకాలు చేరి భాజకాలను ఎనిమిది రెట్లు చేశాయి. పరిమాణంలో వెయ్యో వంతు తేడా భాజకాల సంఖ్యను రెట్టింపు కంటే ఎక్కువ చేసింది. 43,24,320 అత్యధిక సంయుక్త సంఖ్య.

రకాలు, సంబంధిత వర్గాలు

ఉత్కృష్ట అత్యధిక సంయుక్త సంఖ్యలు. భాజకాల సంఖ్యను, సంఖ్య యొక్క ఏదో ఒక నిర్ణీత ధనాత్మక ఘాతంతో భాగించినప్పుడు మిగతా సంఖ్యలు వేటికీ అంతకుమించిన ఫలితం రాకపోతే ఆ సంఖ్యను ఉత్కృష్టమైనదిగా రామానుజన్ వర్గీకరించారు. ఇవి 2, 6, 12, 60, 120, 360, 2520, 5040, 55440, 7,20,720 అంటూ సాగుతాయి. ప్రతిదీ ముందున్నదానికి ఒక ప్రధాన సంఖ్యా రెట్టుగా వస్తుంది. ఎన్నుకున్న ఘాతం తెలిస్తే ప్రతి ప్రధాన కారణాంకం యొక్క ఘాతాంకాన్ని నేరుగా సూత్రం ద్వారా లెక్కించవచ్చు కాబట్టి, సాధారణ శ్రేణిలో లేని క్రమబద్ధత వీటిలో ఉంది. 67,46,32,83,88,800 ఈ వర్గంలోనిది కాదు. అది 22,48,77,61,29,600 అనే ఉత్కృష్ట సంఖ్యకు మూడు రెట్లు. ఆ వర్గంలో తరువాతిది, 29ని కొత్త కారణాంకంగా చేర్చుకున్న 6,52,14,50,77,58,400.

అధిక సంయుక్త సంఖ్యలు. తనకంటే చిన్నవైన వేటికీ తనకంటే ఎక్కువ భాజకాలు లేని సంఖ్యలివి; సమానంగా ఉండడాన్ని ఇక్కడ అనుమతిస్తారు.

అతిసమృద్ధ సంఖ్యలు. భాజకాల లెక్కకు బదులు, భాజకాల మొత్తాన్ని సంఖ్యతో భాగించగా వచ్చే నిష్పత్తిలో ముందున్నవాటన్నింటినీ మించే సంఖ్యలను అతిసమృద్ధ సంఖ్యలంటారు. వీటిని అలోగ్లు, ఎర్డిష్ 1944లో పరిశీలించారు. రామానుజన్ పత్రంలో అప్పట్లో అచ్చుకాని భాగంలో కూడా వీటి ప్రస్తావన సాధారణీకృత రూపంలో ఉంది. రెండు వర్గాలకూ చాలావరకు పోలిక ఉన్నా అవి ఒకటి కావు: 7560 అత్యధిక సంయుక్త సంఖ్యే గాని అతిసమృద్ధం కాదు, 1,16,39,62,800 అతిసమృద్ధమే గాని అత్యధిక సంయుక్త సంఖ్య కాదు. రెండు వర్గాలకూ చెందినవి 449 మాత్రమే.

వ్యవహార సంఖ్యలు. తన వేర్వేరు భాజకాల మొత్తంగా తనవరకు గల ప్రతి సంఖ్యనూ రాయగల సంఖ్యలకు 1948లో ఎ. కె. శ్రీనివాసన్ ఈ అర్థం వచ్చే పేరు పెట్టారు. ఉదాహరణకు 12 భాజకాలతో 11ను 1 + 4 + 6 అని రాయవచ్చు. అత్యధిక సంయుక్త సంఖ్యలన్నీ వ్యవహార సంఖ్యలే.

పరిమాణం, పెరుగుదల, విస్తరణ

ఒక సంఖ్య వరకు గల సంఖ్యలన్నింటి భాజకాల సగటు ఆ సంఖ్య సహజ సంవర్గమానానికి దగ్గరగా ఉంటుందని 1849లో డిరిక్లే చూపాడు. 67,46,32,83,88,800 సహజ సంవర్గమానం సుమారు 29.54, ఆ సంఖ్య వరకు సగటు భాజకాలు 30కి కాస్త లోపు. ఈ సగటును కొన్ని భాజక సంపన్న సంఖ్యలు పైకి లాగుతాయి. సంఖ్యల్లో అత్యధిక భాగానికి ఉండే వేర్వేరు ప్రధాన కారణాంకాలు సంవర్గమానపు సంవర్గమానానికి దగ్గరగా ఉంటాయని 1917లో హార్డీ, రామానుజన్ నిరూపించారు. ఈ పరిమాణంలో ఆ విలువ సుమారు 3.4 కాగా, ఉదాహరణ సంఖ్యకు తొమ్మిది ప్రధాన కారణాంకాలున్నాయి.

భాజకాల సంఖ్య ఎంతవరకు పెరగగలదన్న ప్రశ్నకు 1907లో స్వీడన్ గణితవేత్త సెవెరిన్ విగర్ట్ తొలి సమాధానమిచ్చాడు. సంఖ్య సంవర్గమానాన్ని దాని సంవర్గమానంతో భాగించగా వచ్చే విలువను ఘాతాంకంగా తీసుకొని 2ను హెచ్చించితే, చాలా పెద్ద సంఖ్యల విషయంలో భాజకాల గరిష్ఠ సంఖ్యకు ఉండే స్థూల ఘాతక్రమం తెలుస్తుంది. ఈ హద్దును రామానుజన్ మరింత సూక్ష్మం చేశారు. ఈ ఘాతాంకాన్ని 1.5379తో గుణిస్తే 3 మొదలు అన్ని సంఖ్యలకూ చెల్లే హద్దు వస్తుందని 1983లో నికోలా, రోబాఁ నిరూపించారు. 2304 భాజకాలు గల 6,98,37,76,800 వద్ద ఆ గుణకం గరిష్ఠ విలువను అందుకుంటుంది. 67,46,32,83,88,800 వద్ద దాని విలువ సుమారు 1.524. గుణకం 1కి చేరువకావడం ఎంత నెమ్మదిగా జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

శ్రేణిలో అతిపెద్ద ప్రధాన కారణాంకం సంఖ్య సంవర్గమానానికి ఇంచుమించు సమానంగా పెరుగుతుంది. ఉదాహరణలో అవి 23, 29.54. వరుసగా వచ్చే రెండు అత్యధిక సంయుక్త సంఖ్యల నిష్పత్తి క్రమంగా 1కి చేరువవుతుందని రామానుజన్ నిరూపించారు. ఒక హద్దు లోపల ఉండే అత్యధిక సంయుక్త సంఖ్యలు ఆ హద్దు సంవర్గమానపు ఒక ఘాతం కంటే తక్కువ కావని, ఆ ఘాతాంకం 1ని మించినదని ఎర్డిష్ చూపగా, అవి మరొక స్థిర ఘాతాన్ని దాటవని నికోలా నిరూపించారు. మొత్తం మీద ఈ సంఖ్యలు చాలా అరుదు.

గుర్తించే విధానం

67,46,32,83,88,800 అత్యధిక సంయుక్త సంఖ్య అని నిర్ధారించడానికి దానికి ముందున్న ఆరు లక్షల కోట్లకు పైబడిన సంఖ్యలన్నింటినీ పరీక్షించనవసరం లేదు. ఏ సంఖ్యకైనా, దాని ఘాతాంకాలను అవరోహణ క్రమంలో పేర్చి 2, 3, 5, 7 మొదలైన వాటికి వరుసగా కేటాయిస్తే, అన్నే భాజకాలు గల, దానికంటే పెద్దది కాని సంఖ్య వస్తుంది. కాబట్టి ఘాతాంకాలు పెరగని క్రమంలో ఉన్న సంఖ్యలను మాత్రమే పోల్చితే చాలు. అందులోనూ 2 నుంచి 37 వరకు గల 12 ప్రధాన సంఖ్యల లబ్ధం ఉదాహరణ సంఖ్యను మించిపోతుంది కాబట్టి, పరిశీలించవలసిన ప్రధాన కారణాంకాలు పదకొండింటికి మించవు. అభ్యర్థి సంఖ్యలను ఆరోహణ క్రమంలో అమర్చి, భాజకాల లెక్కలో కొత్త గరిష్ఠం వచ్చిన ప్రతిసారీ ఆ సంఖ్యను నమోదు చేస్తే శ్రేణి సిద్ధమవుతుంది. మరింత పెద్ద సంఖ్యల కోసం, ముందుగా ఉత్కృష్ట సంఖ్యలను సూత్రంతో కనుగొని, రెండు ఉత్కృష్ట సంఖ్యల మధ్య ఉండే మిగిలినవాటిని వెతుకుతారు.

తక్కువ భాజకాలు గల భారీ సంయుక్త సంఖ్యలు

భాజకాల కోణంలో ఎదురు కొసన, రెండే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధాలైన సంయుక్త సంఖ్యలుంటాయి. వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధమైనప్పుడు ఎంత పెద్దదైనా దానికి నాలుగే భాజకాలు. ఫెర్మా ప్రధాన సంఖ్యగా భావించిన 2³² + 1 = 4,29,49,67,297ను 1732లో ఆయిలర్ 641 × 67,00,417గా విడదీశాడు. 2⁶⁷ − 1 = 14,75,73,95,25,89,67,64,12,927 సంయుక్త సంఖ్య అని 1876లో లూకాస్ తేల్చినా కారణాంకాలు తెలియలేదు; 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ దాన్ని 19,37,07,721 × 7,61,83,82,57,287గా చూపాడు. ఆర్ఎస్ఏ గుప్తలేఖన పద్ధతి ఈ కష్టం మీదే ఆధారపడుతుంది: 1977లో సవాలుగా ప్రకటించిన 129 అంకెల సంఖ్యను 1994లో, 250 అంకెల మరో సంఖ్యను 2020లో విడదీయగలిగారు (చూ. గుప్తలేఖనం).

సంయుక్త సంఖ్యను విడదీయడంలోని కష్టం దాని అంకెల లెక్కతో పాటు కారణాంకాల పరిమాణం మీద ఆధారపడి ఉంటుందని ఈ రెండు కొసల మధ్య తేడా తెలుపుతుంది. అత్యధిక సంయుక్త సంఖ్య ఎంత పెద్దదైనా దాని కారణాంకాలన్నీ చిన్నవే కాబట్టి దాన్ని విడదీయడం సులభం. రెండు భారీ ప్రధాన సంఖ్యల లబ్ధానికి ఆ సౌలభ్యం లేదు.

ప్రాధాన్యం, ఉపయోగాలు

రీమాన్ పరికల్పన. 5040 కంటే పెద్దదైన ప్రతి సంఖ్యకూ, భాజకాల మొత్తాన్ని సంఖ్యతో భాగించగా వచ్చే నిష్పత్తి, ఆ సంఖ్య సంవర్గమానపు సంవర్గమానానికి సుమారు 1.781 రెట్లకంటే తక్కువగా ఉండడమూ, రీమాన్ పరికల్పన నిజం కావడమూ తర్కపరంగా సమానమని 1984లో రోబాఁ నిరూపించారు. 1.781 అనేది ఆయిలర్ స్థిరాంకాన్ని సహజ సంవర్గమాన ఆధారానికి ఘాతాంకంగా తీసుకుంటే వచ్చే విలువ. ఉదాహరణ సంఖ్య విషయంలో నిష్పత్తి 5.84, హద్దు సుమారు 6.03, అసమానత నిలుస్తుంది. ఇంత దగ్గరగా వచ్చే సంఖ్యలన్నీ భాజక సంపన్నమైనవే కాబట్టి, పరికల్పనకు వ్యతిరేక ఉదాహరణ ఉంటే అది ఇటువంటి సంఖ్యల మధ్యనే దొరకాలి. ప్లేటో ఎన్నుకున్న 5040 ఈ సిద్ధాంతంలో అసమానత తప్పే చివరి సంఖ్యగా తెలిసినది (చూ. రీమాన్ పరికల్పన).

గణన శాస్త్రం. భాజకాలన్నింటినీ పరిశీలించే ప్రోగ్రాము గరిష్ఠంగా ఎంత పని చేయవలసివస్తుందో అంచనా వేయడానికి ఈ శ్రేణి ఉపకరిస్తుంది. వంద కోట్ల వరకు ఏ సంఖ్యకూ 1344 కంటే ఎక్కువ భాజకాలు లేవు, ఆ గరిష్ఠం 73,51,34,400 వద్ద వస్తుంది. లక్ష కోట్ల వరకు గరిష్ఠం 6720, అది 9,63,76,11,98,400 వద్ద వస్తుంది.

కొలమానాలు, విభజన. డజను, రోజులోని 24 గంటలు, గంటలోని 60 నిమిషాలు, గజంలోని 36 అంగుళాలు, వృత్తంలోని 360 భాగాలు అన్నీ అత్యధిక సంయుక్త సంఖ్యలే. సగం, మూడోవంతు, పావు, ఆరోవంతు వంటి భాగాలు భిన్నాలు లేకుండా రావాలన్న అవసరానికి ఇవి సరిపోతాయి. దశాంశ పద్ధతికి ఆధారమైన 10కి నాలుగు భాజకాలే ఉండగా, దానికంటే రెండే ఎక్కువైన 12కు ఆరు, 60కి పన్నెండు ఉన్నాయి.

సంఖ్యా సిద్ధాంతంలో స్థానం. ప్రధాన సంఖ్యలకు అత్యంత దూరంగా ఉండే సంఖ్యలివే అయినా, వీటి పెరుగుదలను ఖచ్చితంగా కొలవాలంటే ప్రధాన సంఖ్యలు ఏ విధంగా విస్తరించాయో తెలియాలి. రామానుజన్ తన సూక్ష్మమైన అంచనాల్లో కొన్నింటిని రీమాన్ పరికల్పనను ఆధారం చేసుకొని సాధించడం ఇందువల్లనే. సంయుక్త సంఖ్యల నిర్మాణాన్నీ ప్రధాన సంఖ్యల విస్తరణనూ విడదీసి అధ్యయనం చేయడం సాధ్యం కాదన్న అవగాహనను 1915 నాటి పత్రం బలపరచింది. నికోలా, రోబాఁ తదితరుల కృషి ఆ పునాది మీదే సాగింది.